అవతలి ఒడ్డు సాయిబులు

మా అమ్మీకి నాగూరు వలీ దగ్గర ఒక మొక్కు ముప్పై ఏళ్లుగా బాకీ. నేను పదో తరగతి గట్టెక్కితే దర్గాకు తీసుకొచ్చి చాదర్ కప్పిస్తానని మొక్కుకుంది. గట్టెక్కాను. ఆ ఏడు శనగ దెబ్బతినింది. తర్వాత అక్క పెళ్లి. ఆ తర్వాత అబ్బా పోయాడు. నా ఉద్యోగం, నా పెళ్లి, నా కూతురు... మొక్కు మాత్రం అమ్మీ లెక్కలో అట్లాగే నిలిచిపోయింది. 2025లో రంజాను పండగ వెళ్లిన పది రోజులకు "నేను పోయేలోపల తీరుస్తావా లేదా" అని నిలదీసింది. యర్రగుంట్లలో రైలెక్కి మద్రాసు, ఎగ్మూరులో రాత్రి బండెక్కి నాగూరు చేరాం.

(అమ్మీ మాట్లాడేది మా దక్కనీ ఉర్దూ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. పెద్దగా తేడా ఏమీ రాదు. ఆమె ఉర్దూలో సగం మాటలు రాజుపాలెం మాటలే.)

నాగూరులో అమ్మీ ఆశ్చర్యపోయింది. దర్గాలో తల నీలాలిస్తున్నవాళ్లు, పిల్లల్ని తెచ్చి పడుకోబెడుతున్నవాళ్లు ఎక్కువమంది బొట్టు పెట్టుకున్నవాళ్లే. ఆ దర్గాకు అయిదు మినార్లు. అన్నిట్లోకీ ఎత్తైనది 131 అడుగులు. దాన్ని కట్టించింది తంజావూరు మరాఠా రాజు ప్రతాప్ సింగ్. శివాజీ తమ్ముడి వంశం. మా ప్రొద్దుటూరులో కూచుని గడియారం వేంకటశేషశాస్త్రిగారు 'శివభారతం' రాశారు. ఆ శివాజీ ఇంటివాడే ఇక్కడ మా వలీకి మినారు ఎత్తాడని ఏ అయ్యవారూ మాకు చెప్పలేదు.

చాదర్ కప్పాం. మొక్కు తీరింది. సాయంత్రం టీ కొట్టు దగ్గర, నాగపట్నం నుంచి శ్రీలంకకు పడవ పోతుందని ఎవరో మాట్లాడుకుంటుంటే అమ్మీకి చెప్పాను. "శ్రీలంకంటే?" అనింది. "సిలోను" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. సిలోను అంటే మా అమ్మీకి దేశం కాదు, రేడియో. పెళ్లికాకముందు వాళ్లింట్లో సిలోన్ రేడియో మోగేదట. అమీన్ సయానీ గొంతు, బినాకా గీత్‌మాలా, తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదొరై. ఒకే పెట్టెలో నుంచి ఆమె రెండు భాషలూ వచ్చేవి. "పోదాం" అనింది. ఉమ్రాకని తీయించిన పాస్‌పోర్టు సంచిలోనే ఉంది. గుర్తింపు కాగితాలన్నీ ఎప్పుడూ వెంట పెట్టుకోవడం మా ఇంట్లో ఈమధ్య నేర్చుకున్న అలవాటు. ఎందుకో చెప్పనక్కరలేదనుకుంటాను.

మావాళ్లు సముద్రం దాటడమంటే కువైట్. కడప జిల్లాలో ఏ సాయిబుల ఇంటికి పోయినా ఒకరు అక్కడుంటారు. పని కోసం కాకుండా ఊరికే చూసి రావడానికి ఇంకో దేశం పోవడం మా వంశంలో ఇదే మొదలు. అనుమతులు, టిక్కెట్లు సర్దుకునేసరికి రెండు రోజులు పట్టింది. తమిళనాడుకూ సిలోనుకూ మధ్య ఒకప్పుడు పడవ మామూలు సంగతి. ధనుష్కోటి దాకా రైలు, అక్కణ్నుంచి తలైమన్నారుకు ఓడ. 1964 డిసెంబరు తుపాను ధనుష్కోటిని మింగేసింది. రామేశ్వరం నుంచి నడిచిన ఓడను 1980లలో యుద్ధం ఆపేసింది. నాగపట్నం నుంచి కాంగేశన్‌తురైకి 2023 అక్టోబరులో పడవ మొదలై కొద్దిరోజులకే ఆగి, 2024 ఆగస్టులో 'శివగంగై' అనే పడవతో మళ్లీ మొదలైంది. నూటయాభైమంది పడతారు. దూరం నూటపది కిలోమీటర్లు. ప్రొద్దుటూరు నుంచి తిరుపతి ఇంతకంటే దూరం. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దింపుతుంది. ఆ రోజే తిరిగి రావాలంటే రేవు దాటి బయటికి పోయే టైముండదు. అందుకని ఒక రాత్రి ఉండి మర్నాడు తిరుగు పడవ పట్టుకోవాలనుకున్నాం. మొత్తం కలిపితే ఒక రోజు.

పడవలో పక్క సీటాయన కోయంబత్తూరు వ్యాపారి. ఏ ఊరని అడిగాడు. ఆంధ్రా అన్నాను. "తెలుంగా!" అని సంతోషపడి, వాళ్ల ఊళ్లో తెలుగువాళ్ల గురించి చాలా చెప్పాడు. దిగేముందు పేరు అడిగాడు. చెప్పాను. "ఓ, ముస్లిమా? తెలుంగు అన్నారే!" అన్నాడు. కోపంతో కాదు, అమాయకంగానే. నలభై అయిదేళ్లుగా వింటున్న ప్రశ్న. సముద్రం మీద కూడా తప్పలేదు.

నిజానికి ఆయన్ని అనేదేముంది? మా రాజుపాలెంలో మేమే అట్లా మాట్లాడుకుంటాం. "ఆ ఇల్లు ఎవరిది?" అంటే "తెలుగోళ్లది" అంటుంది అమ్మీ. అంటే హిందువులదని. కుందూ నీళ్లు తాగి, నల్లరేగట్లో శనగ పండించి, పీర్ల పండగకు ఊరంతా కలిసి గుండం తొక్కి, చివరికి మేమే తెలుగును వాళ్లకు రాసిచ్చేశాం. రాసిచ్చేశామో, లాక్కుంటే ఊరకున్నామో!

మా అబ్బాకు ఉర్దూ అంటే ప్రాణం. ఉర్దూ పోతే దీన్ పోతుందనేవాడు. నేను దానికి ఎదురు తిరిగాను. ప్రొద్దుటూరులో బి.ఎ. చదివే రోజుల్లో అభ్యుదయ మిత్రులు ఒక మాట అనేవాళ్లు: "మీరు ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు కాబట్టే జనానికి మీరు పరాయిగా కనపడతారు. తెలుగులో కలిసిపోండి, గొడవ ఉండదు." ప్రేమతోనే అనేవాళ్లు. నేను నమ్మాను. తెలుగు పత్రికలో చేరాను. అచ్చుతప్పు లేకుండా రాసి చూపించాను. నా కూతురికి ఉర్దూ నేర్పలేదు. ఆమె దాదీతో తెలుగులోనే మాట్లాడుతుంది. ఉర్దూ అక్షరం తెలియదు. ఆమెను ఎవరూ 'మీ భాష' అని వేరుచేయరు కదా అని నా లెక్క. ఈ లెక్క పెట్టుకునే పడవ దిగాను.

కాంగేశన్‌తురై నుంచి జాఫ్నాకు ఆటో. నేను తిరుపతిలో పనిచేసినప్పుడు వంటబట్టిన తమిళం వచ్చీరానిది. ఆటో నడిపే ఆయన ఓపికగా మాట్లాడాడు. రోడ్డు పక్క తాటిచెట్లు, మధ్యమధ్య పైకప్పు లేని గోడలు. వాళ్ల సొంత ఇల్లు ఈ రేవు దగ్గరే ఉండేదట. 1990లో సైన్యం ఆ ప్రాంతమంతా తన చేతిలోకి తీసుకుంటే కట్టుబట్టలతో పోయారు. పాతికేళ్లు దాటాకగానీ ఆ నేల మళ్లీ చూడలేదు. చూసేసరికి ఇల్లు లేదు, బావి మాత్రం ఉంది. జాఫ్నా గ్రంథాలయం చూపించాడు. 1981లో దాన్ని తగలబెట్టారు. 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. ఇప్పుడు తెల్లగా మళ్లీ కట్టారు. తమిళులు పడిన బాధ చిన్నది కాదు. విద్యార్థి రోజుల్లో మా మీటింగుల్లో జాతుల స్వయం నిర్ణయాధికారం గురించి మాట్లాడినప్పుడల్లా ఈలం పేరు గౌరవంగా చెప్పుకునేవాళ్లం. పులుల గెలుపు వార్తలు వస్తే నాలో కూడా ఏదో పొంగేది.

అస్ర్ నమాజు వేళ అవుతోంది, మసీదు చూపించమని అడిగింది అమ్మీ. ఆటోఆయన సోనక తెరువుకు తీసుకెళ్లాడు. సోనకర్ అంటే అక్కడి ముస్లింలు. ఊళ్లోనే వాళ్ల వీధులు, మసీదులు, ఉస్మానియా కాలేజీ అనే బడి. ఉస్మానియా పేరు వినగానే అమ్మీ "ఇక్కడ మనోళ్లున్నారు" అని గబగబా దిగింది.

ఆ వీధిలో ఇళ్ల మధ్య పాడుబడ్డ ఇళ్లు. ఒక ఇంటి నడిమింట్లోంచి చెట్టు మొలిచి గోడల్ని చీల్చుకుని పైకి పోయింది. పక్క ఇంటి గడపలో అమ్మీ వయసామె ఒకామె కూచునుంది. తల మీద కొంగు. అమ్మీ సలాం చెప్పింది. ఆమె వాలేకుం సలాం అంటూ లేచింది. ఇంకేం, అమ్మీ మొదలుపెట్టింది... ఏ ఊరు, పిల్లలెందరు, నమాజుకు చోటు దొరుకుతుందా అని గుక్క తిప్పుకోకుండా. ఆమె నవ్వుతూ విని తమిళంలో ఏదో అనింది. అమ్మీ మళ్లీ నిదానంగా అనింది. ఆమె మళ్లీ తమిళంలోనే. అమ్మీ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"ఈమెకు ఉర్దూ రాదా?"

"రాదమ్మీ. ఇక్కడి ముస్లింలకు ఎవరికీ రాదు. వాళ్ల అమ్మభాష తమిళమే."

"అంటే... దూదేకులోళ్లా?"

ఆ మాట నన్ను కాల్చింది. ఎందుకో ముందు చెప్పాలి. మా ఎదురింట్లో దూదేకుల కుటుంబం ఉంది. వాళ్లది తెలుగే. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య పుట్టిన కులం. నమాజు చేస్తారు, రోజా ఉంటారు. కానీ "ఉర్దూ రానోళ్లు" అని మా ఇళ్లల్లో ఒక చిన్నచూపు. ఆ ఇంటి అబ్బాయి, టీచరు ఉద్యోగస్థుడు, మా అక్కకు సంబంధం అడిగించాడు. అబ్బా మొహమెత్తి చూడలేదు. "ఆ ఇంట్లో నా బిడ్డ ఎవరితో మాట్లాడాలి" అన్నాడు. అక్కకు ఇష్టమేనని నాకు తెలుసు. మనువాదం మీద వ్యాసాలు చదువుతున్న నేను, ఆ రోజు నోరు మెదపలేదు. అక్క ఉర్దూ ఇంటికే పోయింది. బావ కువైట్లో. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మొగుడితో కలిసి గడిపిన రోజులు లెక్కపెడితే నాలుగేళ్లు రావు.

ఆమె అమ్మీని లోపలికి పిలిచింది. ఇద్దరూ పక్కపక్కన నమాజు చేశారు. నేను మసీదుకు పోయి వచ్చేసరికి చాప మీద కూచుని ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, ఒకరు తమిళంలో, ఒకరు దక్కనీలో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే అమ్మీ "రారా, ఈమె ఏదో ఏడుస్తోంది, చెప్పు" అనింది.

అప్పుడు ఆమె చెప్పింది. నేను తమిళం నుంచి దక్కనీలోకి మార్చి చెప్పాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత కష్టమైన అనువాదం చేయలేదు.

1990 అక్టోబరు 30. పొద్దున. మైకులో పిలిచారు. ఇంటికొకరు ఉస్మానియా మైదానానికి రావాలన్నారు. ఈమె భర్త దర్జీ. మిషను మీద సగం కుట్టిన చొక్కా వదిలేసి పోయాడు. తిరిగి వచ్చి ఒకే మాట చెప్పాడట: రెండు గంటల్లో ఊరు ఖాళీ చేయాలి. ముస్లింలందరూ. ఎందుకో చెప్పలేదు. ఇంటి తాళాలు, సొమ్ములు, డబ్బు అక్కడే వదలాలి. కట్టుబట్టలు, చేతిలో కొద్ది రూపాయలు. దారిలో తుపాకులు పట్టుకున్న పిల్లలు నిలబెట్టి సోదా చేశారు. తుపాకి పట్టుకున్న ఒకడి చొక్కా ఈమె భర్త కుట్టిందే. ఈమె నాలుగేళ్ల కూతురి చెవి కమ్మలు కూడా తీసుకున్నారు.

నేను "దో ఘంటే" అన్నాను. అమ్మీ చేయి తన చెవి మీదికి పోయింది. ప్రొద్దుటూరు బజార్లో అబ్బా చేయించిన కమ్మలు.

ఆ అక్టోబరులో ఉత్తర శ్రీలంక మొత్తం నుంచి ఎల్.టి.టి.ఇ. వెళ్లగొట్టిన ముస్లింలు 70 వేలకు పైగా. తూర్పున ఆ ఆగస్టులోనే కాత్తాన్‌కుడి మసీదుల్లో నమాజులో ఉన్నవాళ్లను వందమందికి పైగా కాల్చి చంపారు. వెళ్లగొట్టినవాళ్లలో ఎక్కువమంది పుత్తళం చేరి తాటాకు గుడిసెల్లో పడ్డారు. అక్కడి జనం కూడా ముస్లింలే. అయినా ఈమెను 'అగతి' అన్నారట. శరణార్థి అని. భర్త అక్కడే పోయాడు. 2002లో కాల్పుల విరమణ వచ్చాక, పులుల తరఫున ఆంటన్ బాలసింగం అది తప్పేనని ఒప్పుకున్నాడు. 2009లో యుద్ధం ముగిసింది. ఈమె తిరిగి వచ్చింది. పిల్లలు రామన్నారు. వాళ్లది ఇప్పుడు పుత్తళమే. ఇక్కడి ఆఫీసుల్లో "మీరు పుత్తళం వాళ్లు కదా" అంటారట.

"ఇరుగు పొరుగు ఏమీ అనలేదా ఆ రోజు?" అమ్మీ అడగమంది. అడిగాను.

"పక్కింటి తమిళ ఆక్కళ్ ఏడ్చారు. ఏం చేస్తారు?" అనింది ఆమె.

తమిళ ఆక్కళ్. అంటే తమిళవాళ్లు. పుట్టింది మొదలు తమిళం తప్ప ఇంకో భాష తెలియని మనిషి, ఆ తమిళంలోనే, పక్కింటివాళ్లను 'తమిళవాళ్లు' అంటోంది. మా అమ్మీ 'తెలుగోళ్లు' అన్నట్టే. నా లెక్క అక్కడ కూలిపోయింది. వీళ్లింట్లో ఉర్దూ లేదు. పరాయి భాష అనడానికి ఏ సాకూ లేదు. నా మిత్రులు చెప్పిన 'కలిసిపోవడం' వీళ్లు వందల ఏళ్ల కిందటే చేశారు. తమిళంలోనే జోలపాట, తమిళంలోనే ఖుత్బా, తమిళంలోనే ఏడుపు. ఆ భాష పేరుతో దేశం కావాలన్నవాళ్లే, ఆ భాషలోనే, మైకు పెట్టి పొమ్మన్నారు.

అదే అక్టోబరు 30 నాకు ఇంకో రకంగా గుర్తు. నాకు పదేళ్లు. అయోధ్యలో ఆ రోజు కరసేవకులు బాబ్రీ గుమ్మటం మీదికెక్కారు. పోలీసులు కాల్పులు జరిపారు. రాజుపాలెంలో అబ్బా రేడియో చెవికి ఆనించుకుని అరుగు మీద కూచున్నాడు. చీకటి పడ్డాక పక్కింటి రెడ్డి తాత వచ్చి, ఏమీ మాట్లాడకుండా అబ్బా పక్కన కూచున్నాడు. చాలాసేపటికి "ఏం కాదులే అబ్బీ, ఈడ మేముండాం" అన్నాడు. మా ఊళ్లో ఏమీ కాలేదు. డిసెంబరులో హైదరాబాదు తగలబడింది, వందమందికి పైగా పోయారు. రెండేళ్లకు మసీదే లేకుండా పోయింది. మా బాల్యమంతా ఆ తారీఖులతో నిండిపోయింది. అదే రోజు, అవతలి ఒడ్డున, మాలాంటి ఒక ఊరికి రెండు గంటలు గడువు పెట్టారని నాకు నలభై అయిదేళ్లు వచ్చాకగానీ తెలియలేదు. పత్రికలో పనిచేసినవాణ్ని నేను. పులుల వార్తలు రాసినవాణ్ని. ఉర్దూ రాని ముస్లింలు కాబట్టి ఉర్దూ పత్రికలకు పట్టలేదా, ముస్లింలు కాబట్టి మా ఈలం సభలకు పట్టలేదా? నన్ను నేను అడుగుతున్నాను, ఇంకొకర్ని కాదు.

ఇంకో మాట రాయకపోతే అబద్ధమాడినవాణ్నవుతాను. తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్న ఆటోఆయన, మమ్మల్ని లాడ్జి దగ్గర దించేటప్పుడు అన్నాడు: "ఆ రోజు మా నాన్న తలుపేసుకున్నాడు. పిల్లలం కిటికీలోంచి చూశాం. మా నాన్న మంచివాడే." డబ్బులు తక్కువ తీసుకోబోయాడు, నేను ఒప్పుకోలేదు. మా రెడ్డి తాత అరుగు మీదికి వచ్చాడు, వీళ్ల నాన్న తలుపేసుకున్నాడు. కానీ మా ఊళ్లో ఎవరి చేతిలోనూ తుపాకి లేదు. ఉండుంటే తాత వచ్చేవాడో, తలుపేసుకునేవాడో... వచ్చేవాడనే అనుకోవాలని ఉంది.

రాత్రి లాడ్జిలో కూతురు ఫోన్ చేసింది. ఎక్కడున్నావ్ దాదీ అంటే అమ్మీ సిలోను అనింది. ఇద్దరూ తెలుగులో మాట్లాడుకున్నారు. మధ్యలో అమ్మీ అలవాటుగా ఏదో దక్కనీలో అనింది. "నాకు రాదు కదా దాదీ, తెలుగులో చెప్పు" అనింది పిల్ల. అమ్మీ చెప్పింది. నేను దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగాను. అబ్బా ఉర్దూ ఉంటేనే ముస్లిం అన్నాడు, నేను ఉర్దూ మానేస్తేనే తెలుగువాణ్నన్నాను. ఆయన లెక్క అక్కను ముంచింది. నా లెక్క నా కూతురి దగ్గర ఒక భాషను లాక్కుంది, ఆమెను అడక్కుండానే. వచ్చాక ఆమెకు అలిఫ్, బే మొదలుపెట్టాను. ఆమెకు విసుగ్గా ఉంది. కుడి నుంచి ఎడమకు ఎందుకు రాయాలని కొట్లాడుతోంది.

మర్నాడు పొద్దున మళ్లీ ఆ వీధికే పోదామనింది అమ్మీ. నల్లూరు గుడి, కోట ఏవీ చూడలేదు. ఆమె మాకు ఇడియాప్పం పెట్టింది. వచ్చేటప్పుడు ఇద్దరూ కావలించుకున్నారు. అమ్మీ కడప దర్గాకు రమ్మంది, ఆమె ఇన్షా అల్లా అనింది. ఆ ఒక్క మాటకు నా అవసరం లేకపోయింది.

రేవు దారిలో తాటిబెల్లం అమ్ముతున్నారు. తాటాకుతో అల్లిన బుల్లి బుట్టల్లో పోసి ఉంది. అమ్మీ నాలుగు బుట్టలు కొనింది. పడవ కదిలాక ఒడిలో పెట్టుకుని పంచింది: ఒకటి పిల్లకు, ఒకటి అక్కకు, ఒకటి ఇంట్లోకి.

"నాలుగోది?" అన్నాను.

"ఎదురింటి దూదేకులామెకు" అనింది. కాసేపు నీళ్లకేసి చూసింది. తీరం ఇంకా కనబడుతూనే ఉంది.

"ఆ పిల్లోడు మంచోడేరా" అనింది.